ఎతెరీ వంటింట్లో పెద్దాపురం కుక్కరు

నేను ఒక కరెంటు కుక్కర్ని. పప్పు ఉడకబెట్టమంటే ఉడకబెడతాను, ఉప్మా చెయ్యమంటే చేస్తాను, కాని పుట్టింది మాత్రం అన్నం వండటానికే. ప్రస్తుతం జార్జియా దేశంలో, కాకసస్ కొండల మధ్య ఒక రాతి ఇంట్లో, వంటింటి కిటికీ పక్కన ఉంటున్నాను. అమెరికాలో ఉన్న జార్జియా కాదు. నన్ను ఇక్కడికి తెచ్చినవాళ్ల చుట్టాలు కూడా ముందు అలాగే అనుకుని, అక్కడ మావాళ్లున్నారు, ఓసారి కలవండి అని ఫోన్లు చేశారు. ఇది వేరే దేశం. రష్యాకి కింద, టర్కీకి పక్కన ఉంటుంది.

నేను తయారైంది కోయంబత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో. నాకు స్విచ్చి బిగించిన ఆవిడ రోజుకి మూడు వందల కుక్కర్లకి స్విచ్చిలు బిగించి, ఇంటికెళ్లి గ్యాసు పొయ్యి మీద వండుకునేది. కరెంటు అన్నం తన పిల్లలకి నచ్చదని పక్కనున్న ఆవిడతో చెబుతుంటే విన్నాను. నా పుట్టుక మీద నాకున్న గర్వం ఆ రోజే సగానికి తగ్గింది.

మిగతా సగం పెద్దాపురంలో తగ్గింది. అక్కడ త్రినాథరావు గారని, ముప్పై నాలుగేళ్లు బస్సుల కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగించిన మెకానిక్కు. ఆయన రిటైరైన రోజున డిపోలో మిత్రులు ఒక శాలువా కప్పి, ఒక గోడ గడియారమూ నన్నూ చేతిలో పెట్టారు. ఆయన భార్య మాణిక్యం గారు హైస్కూల్లో లెక్కల టీచరు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, గంజి వార్చని అన్నం అన్నమేనా అని ఆయన్నే అడిగి, అటక మీద పెట్టించారు. అక్కడ నాలుగేళ్లున్నాను.

ఆవిడ కూడా రిటైరయ్యాక దంపతులిద్దరికీ ఊళ్లు చూడాలని బుద్ధి పుట్టింది. మొదట కాశీ. అప్పుడు నేను గుర్తొచ్చాను. ఇంట్లో పనికిరాని వస్తువుని పొలిమేర దాటగానే ప్రాణంలా చూసుకున్నారు. కాశీ సత్రంలో, గయలో, ఖాట్మండులో, ఎక్కడ గోడకి ప్లగ్గు కనిపిస్తే అక్కడ అన్నం వండాను. వాళ్లు దేశాలు చూశారు. నేను గోడలు చూశాను.

జార్జియా వెళదామన్నది భానుమూర్తి గారు. మా ఊళ్లోనే బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వీసా సులువు, మంచు చూడొచ్చు అని చెప్పి తనతో కలిపి ఎనిమిది మందిని పోగుచేశారు. పోగుచేసినప్పటినుంచి ఆ దేశం గురించి ఫోనులో వచ్చినవన్నీ అందరికీ పంపుతుండేవారు. అక్కడ మంచినీళ్లకి బదులు ద్రాక్షసారా తాగుతారు. ముసలివాళ్లని పట్టించుకోరు. ఏ మాంసం దేంట్లో కలుపుతారో దేవుడికే తెలియాలి. ఈ మూడో కబురు చదివాక సామాను పెరిగింది. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, వేయించిన ఉప్మా రవ్వ, పులిహోర ముద్ద, పదిహేను కిలోల బియ్యం, వాటి మధ్య చీరల్లో చుట్టిన నేను. ఒక దేశాన్ని వారం రోజులు చూసి, ఆ దేశపు తిండి ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టకుండా తిరిగి రావడానికి కావలసిన ఏర్పాట్లన్నీ జరిగాయి.

రాజధాని తిబిలీసీలో దిగిన హోటల్లో లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. గదుల్లో వంట చేయరాదని ఇంగ్లీషులో చిన్నగా, హిందీలో పెద్దగా రాశారు. ఇంకే భాషలోనూ రాయలేదు. త్రినాథరావు గారు దాన్ని కూడబలుక్కుని చదువుకుని, మొహం ఎర్రగా చేసుకుని గదికి వచ్చారు. ప్రపంచంలో ఇన్ని దేశాల వాళ్లుంటే మనమే కనిపించామా, మనమంటే ఎంత చులకన అని చాలాసేపు బాధపడ్డారు. ఆయన బాధపడుతున్నంతసేపూ నేను మంచం పక్కన దుప్పటి చాటున అన్నం ఉడికిస్తూనే ఉన్నాను.

మూడో రోజు వ్యానులో కొండలెక్కారు. నడిపేది లేవాన్. ముప్పై ఏళ్లుంటాయి, ఇంగ్లీషు వచ్చు. దారంతా కొండలు చూపించి పేర్లు చెప్పాడు. మధ్యాహ్నానికి మంచు మొదలైంది. ముందు అందరూ కిటికీలకి అతుక్కుపోయి ఫోటోలు తీసుకున్నారు. తరవాత ఫోటోలు ఆగిపోయాయి. పైన కొండ చరియ నుంచి మంచు జారి దారి మూసుకుపోయిందని పోలీసులు వ్యాను ఆపారు. వెనక్కి తిప్పుకుని అరగంట వెళ్లేసరికి వెనక దారి కూడా మూసేశారు. అక్కడికి దగ్గర్లో లేవాన్ మేనత్త ఇల్లు ఉంది. అతను ఫోను చేసి, ఎనిమిది మంది అతిథులు, దారిలో చిక్కుకుపోయారు అని చెప్పాడు. ఏ దేశం వాళ్లో చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తరవాత తెలిసింది. ఆవిడ పేరు ఎతెరీ. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు. మేడ మీద మూడు గదులు యాత్రికులకి ఇచ్చేది. అంతకుముందు ఏడాది మన దేశం నుంచే వచ్చిన ఒక బృందం గదిలో కరెంటు పొయ్యి నేల మీద పెట్టి వండుకుని, ఆర్పకుండా ఊరు చూడటానికి వెళ్లారు. చెక్క నేల కాలింది. ఆ చెక్కలు ఆవిడ భర్త తన చేత్తో చిత్రిక పట్టి పరిచినవి. వాళ్లు కాలిన చోట తివాచీ జరిపి, ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయారు. అప్పటినుంచి ఇండియా వాళ్లకి గది ఇవ్వనని ఆవిడ ఊరంతటికీ చెప్పింది.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. వాళ్ల భాషా తెలియదు. ఇప్పుడు వంటింటి మట్టుకు అర్థమవుతుంది.

ఎతెరీ తలుపు తీసి, గుమ్మంలో చీరల మీద స్వెట్టర్లు, స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకుని వణుకుతున్న ఆడవాళ్లని చూసింది. లేవాన్ వైపు ఒక చూపు చూసింది. అతను బూట్ల మీద మంచు దులుపుకోవడంలో మునిగిపోయాడు. ఆవిడ పక్కకి జరిగి లోపలికి రమ్మంది. లేవాన్‌తో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పింది. గదుల్లో వంట వద్దని చెప్పు అని. లేవాన్ ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చి, భోజనం కింద ఉంటుంది అని చెప్పాడు. అతను మర్యాదస్తుడు. ఆ మర్యాద వల్లే తరవాత గొడవంతా వచ్చింది.

ఆవిడ ఆ మధ్యాహ్నమంతా పొయ్యి దగ్గరే ఉంది. మాంసం కూరిన కుడుముల్లాంటివి అప్పటికే చేసి పెట్టుకుంది. వచ్చినవాళ్లని చూశాక, ఇండియా వాళ్లు ఒక్కరూ మాంసం ముట్టరని ఎవరో చెప్పింది గుర్తొచ్చి, తనకోసం నానబెట్టుకున్న ఎర్ర చిక్కుడు గింజలు మట్టికుండలో పొయ్యి మీద పెట్టింది. నిజానికి ఎనిమిది మందిలో ఐదుగురు ఇంటి దగ్గర కోడినీ మేకనీ సుబ్బరంగా తింటారు. అది ఆవిడకి తెలియదు. మూత పెట్టిన కుండలో ఉన్నది గింజలని వీళ్లకీ తెలియదు.

చీకటి పడే వేళకి బల్ల మీద అన్నీ సర్దింది. మొక్కజొన్న రొట్టెలు, జున్ను కూరిన రొట్టె, రెండు రకాల పచ్చళ్లు, కుడుములు, కుండ. ఎనిమిది మందీ వచ్చి కూర్చున్నారు. భానుమూర్తి గారు ఒక కుడుమును చెంచాతో చీల్చి లోపలికి చూసి, పక్కవాళ్ల చెవిలో ఏదో అన్నారు. ఆ మాట బల్ల చుట్టూ తిరిగింది. ఒకరికి కడుపు బాగాలేదు. ఒకరికి తలనొప్పి. మాణిక్యం గారు ఎతెరీ వైపు చూసి నవ్వి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఆకలి లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. రొట్టె ముక్క తుంచి పెట్టి లేచారు. కుండ మూత ఎవరూ తియ్యలేదు.

మేడ మీద గదిలో నన్ను బయటికి తీశారు. ప్లగ్గు పట్టలేదు. త్రినాథరావు గారు తిబిలీసీలో సంపాదించిన అడాప్టరు పెట్టి, వైరు సరిచేసి, అరనిమిషంలో పట్టించారు. నాలో నూనె పోశారు, ఆవాలు చిటపటలాడాయి, ఇంగువ, ఎండుమిరప, కరివేపాకు. తరవాత నీళ్లు, రవ్వ. ఎనిమిది మంది రెండు మంచాల మీద, నేల మీద చుట్టూ చేరి స్టీలు పళ్లాల్లో ఉప్మా పెట్టుకున్నారు. నాకెప్పుడూ అంత ప్రేమ దొరకలేదు. కాని ఇంగువ వాసన తలుపుల మాట వినదు. మెట్లు దిగి వంటింట్లోకి వెళ్లింది.

తలుపు తట్టిన చప్పుడైంది. ఎవరూ పలకకముందే తెరుచుకుంది. ఎతెరీ మోచేత్తో నెట్టుకుని లోపలికి వచ్చింది, ఎందుకంటే రెండు చేతుల నిండా రజాయిలు ఉన్నాయి. చలికి ఆగలేరని తన మంచం మీది రజాయి కూడా తెచ్చింది. ఒక్కసారి అందరినీ చూసింది. రజాయిలు మంచం మీద పెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని, గోడలోంచి నా ప్లగ్గు పీకింది. కాలుతున్న నన్ను ఆప్రాన్ అంచుతో పట్టుకుని పైకెత్తి, నా కింద చెక్కని చూసింది. అరచెయ్యి దాని మీద అటూ ఇటూ రాసింది. చెక్క వెచ్చగా ఉంది గాని ఏం కాలేదు. నన్ను మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

ఎవరి ముద్ద వాళ్ల చేతిలోనే ఉంది.

కాసేపటికి లేవాన్ వచ్చాడు. అప్పుడు ఏదీ మార్చకుండా మొత్తం చెప్పాడు. గది మూల తివాచీ ఎత్తి, పళ్లెమంత కాలిన మచ్చ చూపించాడు. మావయ్య పరిచిన నేల అన్నాడు. తరవాత ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు.

“అత్తయ్య కింద ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను ఒకటే అడిగింది. నా ఇంట్లో తిండి వాళ్లకి అసహ్యంగా ఉందా అని. నేనేం చెప్పాలి?”

అతను వెళ్లాక భానుమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. “ఎవరో తగలెట్టిన దానికి మనకేం సంబంధవండీ? మన తిండి మనం తిన్నాం. ఇందులో తప్పేవుంది?”

మాణిక్యం గారు పళ్లెం కింద పెట్టారు. ఆవిడ గొంతు ఎప్పుడూ క్లాసులో లెక్క చెబుతున్నట్టు నిలకడగా ఉంటుంది. అప్పుడూ అలాగే ఉంది.

“మా గృహప్రవేశం మీకు గుర్తుందాండీ? మీరూ వచ్చేరు. స్కూల్లో అందర్నీ పిలిచేను, తెల్లారగట్ల లేచి నా చేత్తో నేనే వండేను. అందరూ వచ్చి ఇల్లు బాగుందన్నారు. అక్షింతలేసేరు. ఒకరికి కడుపు బాగోలేదు. ఒకావిడకి ఉపవాసం. ఒకరికి బస్సు టైమైపోయింది. సాయంత్రానికి గుండిగలో అన్నం వండింది వండినట్టే ఉంది.”

ఆ రోజు తన వంతు సాకు ఏదో భానుమూర్తి గారికి గుర్తుండే ఉంటుంది.

“ఆ రోజు వాళ్లు ఎందుకు తినలేదో నాకు తెలుసు. అందరికీ తెలుసు. మేం ఎవళ్లమో, మా చేతి వంట వాళ్లెందుకు ముట్టరో ఊళ్లో చెప్పాల్సిన పని లేదు. ఇందాక బల్ల దగ్గర నేనేం చేసేను? ఆకలి లేదన్నాను. అచ్చం అదే మాట.”

ఆవిడ నన్ను రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగారు. త్రినాథరావు గారు వెనకాలే వచ్చారు.

ఎతెరీ బల్ల ముందు కూర్చుని ఉంది. అన్నిటి మీదా తెల్లటి గుడ్డ కప్పి ఉంది. మాణిక్యం గారు నన్ను బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని, గుడ్డ తొలగించి, కుండ మూత తీశారు. లోపల చిక్కుడు గింజలు చిక్కగా ఉడికి, కొత్తిమీర, ధనియాలు, వెల్లుల్లి వాసన. ఆవిడ కాసేపు ఆ కుండలోకే చూశారు. మాంసం లేని వంట ఒకటి తమకోసమే చేసి పెట్టిందని, తాము మూత కూడా తియ్యలేదని అప్పుడు అర్థమైంది. చల్లారిన గింజలే పళ్లెంలో వేసుకుని, రొట్టె తుంచి తినడం మొదలుపెట్టారు. కళ్లు తుడుచుకోలేదు, తింటూనే ఉన్నారు. ఎతెరీ లేచి, ఆవిడ ముందునుంచి పళ్లెం లాగేసుకుంది. అయ్యో, కోపం తగ్గలేదు అనుకున్నాను. ఆవిడ దాన్ని కుండలో వంపి, కుండ పొయ్యి మీద పెట్టి వేడిచేసింది.

వేడివేడిగా రెండో పళ్లెం వచ్చింది. పక్కన ఎర్రటి ముద్ద ఒకటి వేసింది. ఎండుమిరపా వెల్లుల్లీ కలిపి నూరినది. త్రినాథరావు గారు నాలిక మీద పెట్టుకుని, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, భార్యతో, “ఏవే, ఇది మీ అమ్మ నూరే కారమే” అన్నారు. ఒకరొకరుగా మిగతావాళ్లు దిగి వచ్చారు. అందరికన్నా చివర భానుమూర్తి గారు వచ్చి, అంచున కూర్చుని, గింజలు అడిగి పెట్టించుకున్నారు.

ఎతెరీ నాలోంచి ఉప్మా చెంచాతో తీసుకుని రుచి చూసింది. కరివేపాకు నమిలి, తీసి పక్కన పెట్టి, ఇంకో చెంచా తిని, లేవాన్‌తో ఏదో అంది. అతను నవ్వాపుకుంటూ ఇంగ్లీషులోకి మార్చాడు. ఇది గంజో రొట్టో ముందు ఒకటి తేల్చుకోమంటోంది, అప్పుడు బాగుందో లేదో చెబుతుందట.

దారి తెరవడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను కింద వంటింట్లోనే ఉన్నాను, రాతి గట్టు మీద, కాలడానికి ఏమీ లేని చోట.

ఇద్దరు ఆడవాళ్లూ లేవాన్‌ని మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నారు. అతను లేనప్పుడు చేతులతో మాట్లాడుకున్నారు. ఇండియాలో అమ్మాయిలు పెళ్లి పీటల మీదగాని మొగుడి మొహం చూడరట కదా, పాపం నువ్వెంత భయపడ్డావో అని ఎతెరీ జాలిపడింది. మాణిక్యం గారు నవ్వి, తమది ప్రేమ పెళ్లి అని, స్కూలుకి వెళ్లే బస్సు కోసం డిపో ముందు రోజూ నిలబడేదాన్నని, ఆ బస్సు తరచూ ఆలస్యం కావడానికి కారణం ఈయనేనని తరవాత తెలిసిందని చెప్పారు. మరి నీది అని అడిగారు. ఎతెరీ, మా నాన్నా మా మావగారూ చేతులు కలుపుకుని ఖాయం చేశారు, నన్నెవరూ అడగలేదు అంది. మంచివాడే దొరికాడు, అది నా అదృష్టం అని కూడా అంది.

చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన హిందీ సినిమాలు చూసి ఎతెరీకి ఒక నమ్మకం. ఇండియాలో ప్రతివాడూ పాడతాడు, ఆడతాడు. త్రినాథరావు గారిని పాడమంది. ఆయన తనకి పాటలు రావన్నారు. డాన్సన్నా చెయ్యమంది. మోకాళ్ల నొప్పులన్నారు. ఆవిడ అనుమానంగా చూసింది, ఈయన నిజంగా ఆ దేశం వాడేనా అని. మర్నాడు ఆయన ఆమె భర్త పనిముట్ల పెట్టె అడిగి తెప్పించుకుని, పెరట్లో షెడ్డులో ఒక పాత పలక వెతికి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చిత్రిక పట్టారు. కాలిన చెక్క ఊడదీసి కొత్తది అమర్చారు. అది మీరు చేసిన తప్పు కాదు కదా అని లేవాన్ అంటే, ఆయన మేకు నోట్లో పెట్టుకునే, “బస్సు ఎవరు గుద్దినా బాగుచేసేది మేవే గదండీ” అన్నారు. కొత్త చెక్క రంగు కలవలేదు. లేతగా, ముక్కలా తెలిసిపోతోంది. అలాగే ఉండనీ అంది ఎతెరీ.

పొయ్యి పక్క గదిలో ఎతెరీ అత్తగారు ఉండేది. వార్దో. తొంభై రెండేళ్లు. ఎతెరీ పొద్దున్నే ఆవిడకి తల దువ్వి, జడ అల్లి, కాళ్లకి ఉన్ని మేజోళ్లు తొడిగేది. భానుమూర్తి గారు గుమ్మంలో నిలబడి రెండు రోజులూ అది చూశారు. మూడో రోజు తన ఫోను తీసి, ముసలివాళ్ల గురించి తాను అందరికీ పంపిన కబురు వెతికి, తీసేశారు. ఎవరికీ చెప్పలేదు. నాకెలా తెలుసంటే ఆయన ఫోను చార్జింగుకి పెట్టింది నా పక్కనే.

వార్దో వారం రోజులుగా సరిగా తినడం లేదు. పళ్లు లేవు, రొట్టె నానబెట్టినా మింగలేకపోతోంది. మాణిక్యం గారు అది గమనించి, నాలో బియ్యం కడిగి పోసి, నాలుగింతల నీళ్లూ పాలూ పోసి, గరిటెతో ఎనిపి, మెత్తగా జావలా చేశారు. గిన్నెలో వేసి తీసుకెళుతుంటే ఎతెరీ మొహం పాలిపోయింది. లేవాన్ గబగబా అడ్డం వచ్చాడు. ఇలాంటి మెత్తటి అన్నం తమ వైపు చావింట్లో, పోయినవాళ్ల పేరు మీద వచ్చినవాళ్లకి పెట్టేదట. బతికున్న మనిషికి, అందులో తొంభై రెండేళ్ల మనిషికి, ఎదురుగా తెచ్చి పెట్టడమేమిటి? మాణిక్యం గారు గిన్నెతో అక్కడే ఆగిపోయారు. ఇంత కష్టపడి కుదిరిన స్నేహం మళ్లీ నా మూలాన్నే చెడిందనుకున్నాను.

మంచం మీంచి వార్దో, ఏమిటా గొడవ అని అడిగింది. చెప్పక తప్పలేదు. ఆవిడ గిన్నె ఇటు తెమ్మని వేళ్లతో సైగ చేసింది.

“నేను పోయినరోజు ఊరందరికీ పెడతారు. నాకొక్కదానికే పెట్టరు. ఇప్పుడే తింటాను, ఇవ్వండి.”

ఎతెరీ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత ఆ చెయ్యి వెనక నవ్వింది. మాణిక్యం గారు చెంచాతో తినిపించారు. వార్దో గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం ఉప్పు పడాల్సింది అంది.

నాలుగో రోజు పొద్దున దారి తెరిచారు. సామాన్లు వ్యానులో సర్దుతుంటే మాణిక్యం గారు నన్ను కడిగి, తుడిచి, రాతి గట్టు మీద మళ్లీ పెట్టారు. పక్కనే మిగిలిన బియ్యం, అడాప్టరు పెట్టారు. త్రినాథరావు గారు ఆశ్చర్యపోయారు.

“అదేంటే, కుక్కరు వదిలేస్తున్నావా? ఇంకా రెండ్రోజులుందిగా మనకి.”

“ఆ రెండ్రోజులూ వాళ్లేం పెడితే అదే తిందాం,” అన్నారు ఆవిడ.

ఎతెరీ ఆవిణ్ణి కావలించుకుని, రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి, ఎర్ర కారం సీసా ఒకటి చేతిలో పెట్టింది. వ్యాను మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. నన్ను అంతకుముందు కొన్నవాళ్లు, ఇచ్చినవాళ్లు, మోసినవాళ్లు ఉన్నారు గాని, ఒకరికి అవసరమని కోరి ఉంచి వెళ్లినవాళ్లు లేరు. అందుకని ఆ రోజు నాకు బెంగకన్నా గర్వమే ఎక్కువ అనిపించింది.

వార్దో ఆ ఏడు శరత్తు దాకా రోజూ ఒక గిన్నె తింది. పోయినరోజు ఊరంతా వచ్చింది. అంతమందికి నేను ఏ మూలకి? పెద్ద కడాయిల్లో వండారు. ఆవిడ ఫోటో ముందు పెట్టిన ఒక్క పళ్లెం మాత్రం ఎతెరీ నాలో వండింది. ఉప్పు రెండుసార్లు చూసుకుని వేసింది.

మరుసటి వేసవికి ఎతెరీ మళ్లీ ఇండియా వాళ్లకి గదులిస్తానని లేవాన్‌తో చెప్పింది. మొదట వచ్చింది లుధియానా నుంచి ఒక కుటుంబం. తలపాగా పెట్టుకున్న పెద్దాయన, ఆయన భార్య, కొడుకూ కోడలూ. ఎతెరీ పొద్దున్నుంచీ హడావిడి పడింది. కొత్త ఆప్రాన్ కట్టుకుంది. వ్యాను ఆగగానే గుమ్మంలోకి వెళ్లి, మాణిక్యం గారి దగ్గర నేర్చుకున్న ముక్క చక్కగా, గట్టిగా అంది.

“అన్నం తిన్నారా?”

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎతెరీ మళ్లీ అడిగింది. పెద్దాయన హిందీలో ఏదో అని, చేతులు జోడించి నవ్వాడు. ఆవిడ లేవాన్ వైపు తిరిగి, వీళ్లు ఇండియా వాళ్లే అన్నావు కదా, మరి వాళ్ల భాష వాళ్లకే రాదేమిటని నిలదీసింది. ఏనుగులూ పాటలూ డాన్సులూ అనుకునే ఇండియా పోయి, ఆవిడ మనసులో ఇప్పుడు నూరు కోట్ల మంది పెద్దాపురం వాళ్లున్న ఇండియా వచ్చి కూర్చుంది. లేవాన్ ఇరవై నిమిషాలు కష్టపడి చెప్పాడు. ఆవిడ పూర్తిగా నమ్మలేదు.

భోజనాల వేళ ఆ పెద్దావిడ, బల్ల దగ్గర కూర్చోవలసింది, తిన్నగా వంటింట్లోకి వచ్చేసింది. నా మూత తీసి, అన్నం చూసి తల ఊపింది. పక్కనున్న మట్టికుండ మూత కూడా అడక్కుండానే తీసి, వాసన చూసి, మొహమంతా వెలిగిపోతుండగా, “రాజ్మా” అంది.

“లోబియో,” అంది ఎతెరీ.

“రాజ్మా,” అంది ఆవిడ, కుండలోంచి ఒక గింజ తీసి చూపించి.

“లోబియో,” అంది ఎతెరీ, ఆ గింజనే చూపించి.

ఇద్దరూ ఒకరికొకరు తగ్గలేదు. అలా అనుకుంటూనే ఒకరు పళ్లాల్లో అన్నం పెడుతుంటే, ఒకరు దాని మీద గింజలు పోశారు.

నేను ఆ రోజు మూడుసార్లు వండాల్సి వచ్చింది.